మిద్దెక్కిన పరుపులు

అమ్మా, నేనూ నీ మనవరాలు లహరీ క్షేమంగా ప్రొద్దుటూరు చేరాము.

హాస్టల్ పరుపులో నల్లులున్నాయి. హాస్టల్ బాగోలేకపోతే వెనక్కి తెచ్చెయ్యమని నువ్వు చెప్పినట్టే లహరిని ఇంటికి తీసుకురాబోయాను. అది వినకుండా పరుపును మిద్దె మీద ఎండకు కాలుతున్న కడప బండలపై పరిచింది. కాసేపటికి నల్లులు కుట్లలోంచి బారులు తీరి వచ్చి, బండ తగలగానే చచ్చాయి. ఇన్నేళ్లుగా వార్తలు రాస్తున్నాను, ఇలాంటిది చూడలేదు. అక్కణ్నుంచి కదల్లేకపోయాను.

"ఎవురు నేర్పిచ్చినారు మే?" అని పక్క గది పిల్ల అడిగింది.

"మా జేజి. ఆయమ్మ పేరు చెప్తే నల్లులు పరిగెత్తుతాయి" అని లహరి నీ గొప్ప చెప్పింది.

గంటలో అందరి పరుపులూ మిద్దెక్కాయి. "నాయినా, నువ్వు పో. నేనీడనే ఉంటా" అంది లహరి.

చీనీ చెట్లకు నీళ్లు పారుతున్నాయా? నల్లులు మళ్లీ రాకుండా పరుపుల కింద వేసుకోవడానికి పులివెందుల బస్సులో వావిలాకు పంపు. ఒక మూట చాలదు.

నీకు నా నమస్కారం. ఈ హాస్టల్ పిల్లలు తమ నమస్కారాలు వేరే చెప్పమన్నారు.

నీ కొడుకు,
ఓబులేసు