గొంతులో మిగిలిన తూటా

మునెమ్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది నిండింది. నా రాత కోడి గెలికినట్టుంటుంది, నవ్వితే నవ్వుకో.

ఎన్నికలొచ్చాయి కదా, మీ నాయన పట్టాళం నుంచి తెచ్చిన జేబు పిస్తోలును అప్పగించడానికి నిన్న పోలీసు స్టేషనుకు పోయాను. జేబులో తగులుకోకుండా, తూటాను పేల్చే సుత్తిని లోపలే దాచి చేసిన పిస్తోలని రైటరు మెచ్చుకున్నాడు. నేను పిడి అడుగున మీట నొక్కి, తూటాల పెట్టెను బయటికి లాగి, "ఖాళీ సార్" అని దర్జాగా బల్ల మీద పెట్టాను.

రైటరు పైనున్న ఇనప తొడుగును వెనక్కి లాగాడు. లోపలి నుంచి ఒక తూటా ఎగిరి బల్ల మీద పడింది.

"ఏం పెద్దాయనా, ఇదేనాప్పా ఖాళీ?"

మామిడితోటలో కోతులను బెదిరించాలని నెల కిందట నేనే నింపి, ఒకటి లోపలికి ఎక్కించాను. పెట్టె తీస్తే అదీ వచ్చేస్తుందనుకున్నాను. మనవరాలు ఆడుకునే ఇంట్లో ఇన్నాళ్ళూ అట్లాగే ఉంది.

"పొట్ట ఖాళీ అయితే చాల్దయ్యా, గొంతు కూడా చూడాల" అంటూ నువ్వు ప్రతిసారీ ఆ తొడుగు లాగి చూసేదానివి. నీకేం తెలుసని కసిరేవాణ్ణి. ఊళ్ళో మాత్రం దాన్ని తుడిచేదీ, నూనె పెట్టేదీ నేనేనని చెప్పుకున్నాను.

నిన్న అందరి ముందరా చెప్పేశాను. "దీన్ని చూసుకునేది నా పెండ్లాము సార్. నాకేమీ తెల్దు."

రైటరు నవ్వాడు. "అట్లయితే ఎన్నికలైనాక ఆయమ్మనే పంపించప్పా. ఆమె చేతికే ఇస్తా."

సరే సార్ అన్నాను. నువ్వొచ్చి అడిగేదాకా అది ఆడనే ఉండనీలే.