శివరాత్రి తర్వాతి ఫ్రేములు

తోట ఇల్లు, కళ్యాణదుర్గం దగ్గర
మే నెల, 2007

బెంగళూరులో ఉన్న బావకు,

రామాంజిని నమస్కారాలు. ఇక్కడ అత్త, మామ, నేను ముగ్గురమూ వేళకు తింటూ తిరుగుతూనే ఉన్నాం. మీరూ అక్కడ వేళకు తింటున్నారని అనుకుని రాస్తున్నాను. అనుకోవడమే, తినరని తెలుసు. ఎదురుగా ఉంటే నువ్వనేదాన్ని, కాగితం మీదికి వచ్చేసరికి మీరని వస్తోంది. ఏడో తరగతిలో లేఖ రాయడం నేర్పినప్పటి అలవాటు. నవ్వుకోకండి.

ఫోన్ చేయొచ్చు కదా అని అడిగారు. మామ సెల్లుకు తోటలో సిగ్నల్ రాదు. సుంకప్ప బూత్‌కు పోతే నేను మాట్లాడే ప్రతి మాటకూ ఆయన తల ఊపుతూ ఉంటాడు. పోయినసారి నేను పెట్టేసిన తర్వాత, "మొగునితో ఇంతేనామ్మా మాట్లాడేది, బిల్లు కూడా సరిగ్గా పడల్యా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ దారినే పోవడం లేదు. ఈ ఉత్తరంలోవి అసలే అక్కడ చెప్పే మాటలు కావు.

మీరు అడిగినవాటికి వరుసగా జవాబులు రాస్తాను. మామ మోకాలు నొప్పి తగ్గింది. తగ్గింది అంటే ఆయన చెప్పడం మానేశాడు. యూపీఎస్ బాగు చేయించాం. కరెంటు పోయినా ఇప్పుడు ఫైలు దాచుకునేంతసేపు కంప్యూటర్ ఆరిపోకుండా ఉంటోంది. నల్లమేక రెండు పిల్లలను వేసింది, రెండూ మచ్చలవే. చీనీ తోట సంగతి, నేను పంపిన శబ్దాల్లో చివరి ఫ్రేముల సంగతి కూడా అడిగారు. ఆ రెండూ తర్వాత రాస్తాను.

సాఫ్ట్‌వేర్‌లో నాబు తిప్పుతుంటే శబ్దం మధ్యలో టక్కుటక్కుమంటోందని రాశారు. అది నా తప్పే. తీసిన శబ్దంలో ఒక్క చుట్టు కత్తిరించేటప్పుడు, తెర మీది గీత నడుమనున్న అడ్డగీతను దాటే చోట మొదలుపెట్టి, మళ్లీ అట్లాగే దాటే చోట ఆపాలని మీరు చెప్పారు. నేను కంటికి సరిగ్గా కనిపించిన చోటల్లా ఆపేశాను. ఇప్పుడు బాగా పెద్దది చేసి చూసి కోస్తున్నాను. అన్ని చుట్లూ కింది నుంచి పైకి ఎక్కేటప్పుడే మొదలయ్యేట్టు చూసుకున్నాను. ఒకటి ఎక్కుతూ, ఇంకొకటి దిగుతూ మొదలైతే రెండూ కలిసేచోట శబ్దం పోతోంది. ఇది మీరు చెప్పలేదు, చేస్తుంటే తెలిసింది. చెప్పి మరిచిపోయారేమో కూడా.

ఈ పని ఏమిటో అత్తకు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. మీరు ఉన్నప్పుడు ఆమె అడగలేదు. మీరు కీబోర్డు వాయించేవారు కాబట్టి అదంతా పాట సంగతి అనుకుంది. నేను కూర్చుంటే మాత్రం ఊరుకోలేదు. "ఏమ్మే, గంటల తరబడి ఆ గీతలకల్లా చూసుకుంటా కూసుంటావు, అండ్ల ఏమి కనపడతాది నీకు?" అంది. అద్దకం చీర చూపించి చెప్పాను. అచ్చు ఒకటే ఉంటుంది, దాన్నే చీరంతా వేసుకుంటూ పోతారు. అట్లాగే శబ్దంలో ఒక్క చుట్టు తీసుకుంటే కంప్యూటర్ దాన్నే మళ్లీ మళ్లీ వేస్తుంది, మనకు ఆగకుండా మోగినట్టు ఉంటుంది. ఇట్లాంటి అచ్చులు వరుసగా పేర్చితే వేవ్‌టేబుల్. మొదటి అచ్చు మొగ్గ, చివరిది విచ్చిన పువ్వు అనుకో, నాబు తిప్పితే మొగ్గ మెల్లగా విచ్చుకుంటుంది, మధ్యలోవి సాఫ్ట్‌వేరే కలుపుకుంటుంది అన్నాను. అత్త చీర వైపు చూసి, "ఇది ఉతికితే రంగు పోయింది, నీ అచ్చు పోదు గదా" అని లేచిపోయింది.

మన బోరు పైపుకు రికార్డర్ కట్టమని మీరు చెప్పినప్పుడు నాకు సిగ్గేసింది. నీళ్లు పోసే చోటు కాదు, నేల నుంచి బయటికి వచ్చే ఇనుప పైపుకే గుడ్డ చుట్టి కట్టమన్నారు. లోపల మోటారు తిరిగే గుమ్మనే శబ్దం పైపు పట్టుకుని పైకి వస్తుంది, మీ ఆఫీసు చేసే సంగీతం సాఫ్ట్‌వేర్‌కు అది ఎవరి దగ్గరా లేని శబ్దం అన్నారు. అమావాస్యకూ పున్నమికీ తీస్తూ పొమ్మన్నారు, మరిచిపోకుండా ఉంటానని. మోటార్లు ఎత్తి దించే కుళ్ళాయప్ప ఒక పొద్దున అటుగా పోతూ నన్ను చూశాడు. "ఏం కోడలా, పైపుకు జొరమొచ్చిందా, డాక్టరు మాదిరి గొట్టం పెట్టి చూస్తాండావు" అన్నాడు. నేను పైపు వెనక్కి జరిగాను. మామే నవ్వి, "బెంగుళూరుకు పంపిచ్చల్లంట, మన బోరు పాట పాడతాదంట" అని చెప్పాడు. కుళ్ళాయప్ప ఎవరికి చెప్పాడో గానీ, ఆ వారమంతా బస్సు దగ్గర అందరూ మన బోరు పాట గురించే అడిగారు.

దీపావళి అమావాస్యది మొదటి అచ్చు, మీరనే మొదటి ఫ్రేము. తెర మీద గుండ్రటి గుట్టల్లాగా వచ్చింది. వింటే పండిన గుమ్మడికాయను అరచేత్తో తట్టినట్టు నిండుగా ఉండేది. సంక్రాంతి వెళ్లిన అమావాస్యకు కొంచెం బోలుగా మారింది. శివరాత్రికి ఇంకొంచెం. ఆ మారడమే బాగుందని, మీ సారు రెండు మూడు సార్లు తిప్పించుకుని విన్నాడని రాశారు. ఆ ఉత్తరం మామకు చదివి వినిపించాను. ఆ మాట దగ్గర ఆగి మళ్లీ మొదటి నుంచి చదివాను. సంతోషానికే అనుకున్నాడు.

ఇప్పుడు మీ పోయిన ఉత్తరానికి వస్తాను. అది దిండు కిందనే ఉంది. శివరాత్రి తర్వాత నాబు తిప్పుతున్నా శబ్దం కదలడం లేదని, ఒకే ఫ్రేము మళ్లీ మళ్లీ పడినట్టుందని రాశారు. ఎక్స్‌పోర్ట్‌లో పొరపాటు జరిగిందా అని అడిగారు. ఆ కిందనే, పొరపాటు కాకపోతే అంతకంటే మంచి వార్త లేదు, నీళ్లు దిగకుండా అక్కడే నిలబడ్డాయన్నమాట అని రాశారు. నీళ్లు ఉంటే తోట ఉన్నట్టే, ఈ శబ్దాల పని అప్పజెప్పి నెలాఖరులో రాజీనామా ఇచ్చి వచ్చేస్తాను, వచ్చి నీ పక్కనే చీనీ చెట్లకు పాదులు చేస్తాను అని రాశారు.

బావా, ఎక్స్‌పోర్ట్ సరిగ్గానే జరిగింది. పదహారు బిట్లు, మోనో, మీరు చెప్పినట్టే. నీళ్లు నిలబడలేదు.

శివరాత్రి తర్వాత వచ్చిన పున్నమికే పైపు దగ్గింది. నీళ్లు కొంచెం, గాలి కొంచెం, మళ్లీ నీళ్లు. మామ పైపు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. నన్ను చూసి, "కరెంటు తక్కువగా ఉండాదిలేమ్మా" అన్నాడు. కరెంటు బాగానే ఉంది. ఉగాదికి ధార వేలంత అయింది. ఆ వారం అత్త నన్ను దొడ్లోకి పిలిచి చెప్పింది. "వానికి రాయొద్దు. నీళ్లు ల్యావంటే ఆడ పని ఇడిసిపెట్టి వస్తాడు. వచ్చి ఏం జేస్తాడు, బోర్లో దిగుతాడా? ఒక్కడన్నా చల్లగా కూసోని పని చేసుకుంటాండాడు, చేసుకోనీ." నేను సరేనన్నాను. ఆమెకు ఎదురు చెప్పింది ఎప్పుడూ లేదు కదా.

తోట సంగతి కూడా రాసేస్తాను. రోడ్డు వైపు చెట్లు ఆకు రాల్చేశాయి. కొమ్మలు కొట్టేస్తే మొదళ్లైనా బతుకుతాయని మామ గొడ్డలి పట్టాడు. కొన్ని బతికేటట్టు లేవు, గోకితే లోపల పచ్చ లేదు. ఇంటి దగ్గరివాటికి గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు పోస్తున్నాం. మీరు నాటిన వరుసలో మూల చెట్టు ఒకటి మాత్రం ఎందుకో పచ్చగానే ఉంది. అత్త దాని కిందనే స్నానం చేస్తోంది.

పోయిన వారం మోటారు వట్టిగా తిరిగి కాలిపోయింది. కుళ్ళాయప్ప మూడు కాళ్ల స్టాండు తెచ్చి గొలుసుతో పైపులన్నీ ఒకటొకటిగా ఎత్తాడు. చివరి పైపు కూడా పొడిగానే వచ్చింది. ఆ రోజు అతను నాతో పరాచికాలాడలేదు. "ఎర్రన్నా, గాలి తప్ప ఇంగేమీ ల్యాదు. మోటారు చుట్టిచ్చినా దించేకి నీళ్లుండల్ల గదా" అని మామతో అన్నాడు. మామ మోటారును కళ్యాణదుర్గం పంపించమన్నాడు. చుట్టించి ఇంట్లో పెట్టుకుందాం, వానొస్తే అవసరమవుతుంది అన్నాడు.

మీ ఉత్తరం ఆ మరుసటి రోజు వచ్చింది. రాజీనామా అన్న మాట దాకా చదివి, మడిచి దిండు కింద పెట్టేశాను. నీళ్లు లేవంటే వచ్చేస్తారని దాచాం. మీరు నీళ్లున్నాయనుకుని వచ్చేస్తున్నారు. అత్తకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. మాటలు నాకు రావు, మీకు తెలుసు. అందుకని పగలు అన్నాల తర్వాత ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

నేను అమావాస్య, పున్నమి ఒక్కటి కూడా వదలలేదు బావా. మీకు పంపకపోయినా పైపుకు గుడ్డ చుట్టి తీస్తూనే ఉన్నాను. మానితే ఏదో జరిగిపోతుందని అనిపించేది. వాటినన్నిటినీ కోసి, వరుసగా పేర్చాను. హెడ్‌ఫోన్లు అత్త చెవులకు పెట్టి, ఒక స్వరం నొక్కి పట్టుకుని, నాబు దీపావళి దగ్గర పెట్టాను. ఆమె వెంటనే, "ఇది మన మోటారే" అంది. చెవుల్లో శబ్దం ఉంది కదా, గట్టిగా అరిచింది. బయట మామ ఏమైందని తొంగి చూశాడు. నేను మెల్లగా తిప్పాను. సంక్రాంతి. శివరాత్రి. ఆమె కళ్లు మూసుకుంది. ఉగాది దగ్గర గుట్టలు రంపం పళ్లయ్యాయి. ఆ తర్వాత శబ్దం పళ్లు జివ్వుమనేంత సన్నమైంది. ఆమె చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది. ఆపమని కాదు. పట్టుకుంది, అంతే. నేను చివరిదాకా తిప్పాను.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు మీ ఉత్తరంలో రాజీనామా అని రాసిన చోటు చదివాను. "దినమూ చూస్తానే ఉంటి," అంది. "దినమూ చూస్తాంటే ఇంత దిగిందని తెలీల్యా. ఇంగ రాయి. వానికి ఇదే పంపు." ఆమె అనుమతి ఇచ్చాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ ఇప్పుడు రాయబోయేది ఆమెకు తెలియదు.

మీకు రాయొద్దని అత్త చెప్పింది. శివరాత్రి ఫ్రేమును కాపీ చేసి తర్వాతి పున్నమి చోట, ఉగాది చోట పెట్టమని ఆమె చెప్పలేదు. ఫ్రేమంటే ఏమిటో కూడా అప్పటికి ఆమెకు సరిగ్గా తెలియదు. అది నేనే చేశాను. ఊరుకుని ఉంటే సరిపోయేది. రికార్డర్ చెడిపోయిందని రాసినా సరిపోయేది. నీళ్లు నిలబడ్డాయని మీరు అనుకోవాలని పెట్టాను. అనుకుంటే వస్తారని పెట్టాను. ఒక్కసారి పెట్టాక తర్వాత వాటి చోట్లలోనూ అదే పెట్టుకుంటూ పోయాను. పెట్టినప్పుడల్లా మీరు బస్సు దిగి నడిచి వచ్చేది కనిపించేది. వచ్చిన తర్వాత తోట చూస్తారు కదా అన్నది ఆలోచించలేదు. ఆలోచించాను. అయినా పెట్టాను.

రాజీనామా ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే మీ సారుతో మాట్లాడి వెనక్కి తీసుకోండి. ఇక్కడ పాదులు చేసే పని ఇప్పుడు లేదు. పని అప్పజెప్పాక నాలుగు రోజులకు మాత్రం వచ్చి పోండి. రమ్మని నేను నోటితో ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు రాసి అడుగుతున్నాను.

ఈ సీడీలో కొత్త ఫైలు ఉంది, పాతది తీసేయండి. ఒక్క సంగతి. ఫ్రేములన్నీ ఒకే ఎత్తుకు తెమ్మని మీరు ఎప్పుడూ చెప్తారు. ఈసారి తేలేదు. తెస్తే ఎండిన బోరు కూడా దీపావళి బోరంత గట్టిగా అరుస్తోంది. ఎట్లా తగ్గిందో అట్లాగే ఉంచాను. మీ సారు ఒప్పుకోకపోతే మీరే అక్కడ మార్చుకోండి, కానీ ముందు ఒకసారి ఇట్లాగే వినండి. మోటారు ఎత్తేసిన తర్వాత వచ్చిన అమావాస్యకు పైపు లేదు. బోరు నోట్లోకి రికార్డర్ దారంతో దించాను. గాలి కూడా లేదు ఆ పొద్దున. చివరి ఫ్రేములో గీత తిన్నగా ఉంటుంది. ఫైలు చెడిపోయిందనుకోకండి, అది సరైనదే.

కుళ్ళాయప్ప మోటారు చుట్టించడానికి పోతున్నాడు, ఈ కవరు బెంగళూరు బస్సు కండక్టరుకు ఇస్తానన్నాడు. ఎండకు సీడీ వంగిపోకుండా అత్త గుడ్డలో చుట్టింది. పైపుకు కట్టిన గుడ్డే అది.

నాబు ఆ చివరిదాకా తిప్పిన తర్వాత వెంటనే మూసేయకండి. వెనక్కి కూడా తిప్పండి. మెల్లగా తిప్పితే రంపం పళ్లు మళ్లీ గుట్టలవుతాయి, బోలు నిండుతుంది, దీపావళి వచ్చేస్తుంది. అత్త పడుకున్నాక నేను అట్లా తిప్పుకుని విన్నాను. మీరు అక్కడ, నేను ఇక్కడ, ఒకసారి ఇద్దరమూ అటువైపు తిప్పుదాం.

ఇట్లు,
మీ మేనమామ కూతురు, మీ ఇంటి మనిషి
రామాంజిని