ఎడమచేతి కత్తి

మార్చి 29

మైన్‌రాడ్ అన్నయ్య కత్తి తెరవబోయి పన్ను విరగ్గొట్టుకున్నాడు.

మార్చి 30, పొద్దున 6

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. పన్ను ముక్క కిటికీ గట్టు మీదే ఉంది, పారేయడానికి మనసొప్పడం లేదు.

అన్నయ్యకి పక్షవాతం వచ్చి ఐదు నెలలు. కుడిచెయ్యి తడి తువ్వాలులా వేలాడుతోంది. ఎడమచెయ్యి బాగానే ఉంది, దేవుడి దయ. కానీ అన్నయ్య మడతకత్తి రెండు చేతులున్నవాళ్ళ కోసం చేసింది. ఒక చేత్తో పిడి పట్టుకోవాలి, రెండో చేతి గోరు బ్లేడు మీది గాడిలో పెట్టి లాగాలి. గోటికి బదులు పన్ను పెట్టాడు. నేను గుడ్లు కడుగుతూ చూస్తున్నాను. వద్దు అనేలోపే టక్‌మంది.

నెత్తురు ఉమ్మేసి నవ్వాడు. ఇంకా పద్నాలుగున్నాయిలేవే అగ్తా, ఈ వేసవికి చాలు అన్నాడు.

ఈ వేసవికి అన్నాడంటే మళ్ళీ ఆల్ప్ మీదికే, కొండమీది పచ్చికలకే. జూన్‌లో ఊరి ఆవుల్ని తోలుకుని పైకెక్కి, సెప్టెంబరు దాకా ఒంటరిగా ఆ గుడిసెలో. పోయిన అక్టోబరులో ఇంటికి ఇరవై గజాల్లో నీళ్ళ తొట్టి దగ్గర పడిపోతేనే మూడు గంటలు ఎవరికీ తెలియలేదు. నేను లోపల ఉల్లిపాయలు వేయిస్తూ ఉన్నాను. పైన పడితే? పైన ఫోన్ కూడా పలకదు.

ఏప్రిల్ 4

గ్వెర్డర్ వచ్చాడు. పచ్చికలు ఎవరికి ఇవ్వాలో తేల్చేది అతనే. టోపీ తీయకుండా కూచున్నాడు, అప్పుడే అనుకున్నాను మంచి మాట కాదని. ముప్ఫై ఒక్క వేసవులు చూశావు, ఇక చాల్లేవయ్యా మైన్‌రాడ్ అన్నాడు. అన్నయ్య బల్ల మీద ఎడమ పిడికిలితో గుద్దాడు. ఆవుల్ని కుడిచేత్తో పిలుస్తానా నేను అన్నాడు.

చివరికి గ్వెర్డర్ టెస్ట్ పెడతానన్నాడు. పోయినేడు పక్క ఆల్ప్‌లో ఒక పెయ్యకి మెడతాడు బిగుసుకుంది, కాపరి కత్తి తీసేలోపు చచ్చింది. అందుకని మే 23న అతని కొట్టంలో, అందరి ముందూ, అన్నయ్య ఒక్క చేత్తో కత్తి తెరిచి, మెడతాడు కోసి, మూసి జేబులో పెట్టుకోవాలి. మూయడం దేనికి అన్నాడు అన్నయ్య. తెరవడం ఎవడైనా తెరుస్తాడు, విప్పిన కత్తితో వాలు మీద తిరిగేవాడికి నా ఆవుల్ని ఇవ్వను అన్నాడు గ్వెర్డర్.

న్యాయమే. అన్నయ్య ఓడిపోతాడని నాకు లోపల ఎంత నిమ్మళంగా ఉందో ఎవరికీ చెప్పను.

ఏప్రిల్ 11

ఒక్క చేత్తో తెరుచుకునే కత్తి కావాలని అన్నయ్య పెట్టే పోరు పడలేక బస్సెక్కి కత్తుల అంగడికి వెళ్ళాను. మలుపుల్లో కళ్ళు మూసుకునే కూచున్నాను. అంగడి హెడిగరమ్మది, గొంతు పెద్దది, మనిషి మంచిది. పచ్చగుడ్డ పరిచి రెండు కత్తులు పెట్టింది, ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమంది. తెగితే నాది పూచీ కాదమ్మోయ్ అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 12

అన్నయ్య పడుకున్నాక మధ్యాహ్నం కుడిచేతిని ఏప్రన్ తాడుతో నడుముకి కట్టేసుకుని మూడు కత్తులూ చూశాను. ఎవరైనా వస్తే పిచ్చిదనుకునేవాళ్ళు.

అన్నయ్య పాతది: తెరవడం ఒక్క చేత్తో కాదు. తెరిచాక మాత్రం గట్టిగా బిగుసుకుంటుంది, పిడి మీద చిన్న నల్ల మీట జరిపితేనే వదుల్తుంది. మంచి కత్తి. రెండు చేతులున్నవాళ్ళకి.

అన్నిట్లోకీ పెద్దది: పిడి మీద ఉన్న శిలువ బిళ్ళే దీనికి బొత్తం, నొక్కితే లాక్ వదుల్తుంది. తెరవడానికి మళ్ళీ గోరే. ఎడమచేత్తో పడితే బిళ్ళ అరచేతి కిందికి పోతోంది. తెలియకుండా నొక్కుతామేమో, కోస్తూ ఉండగా ముడుచుకుంటుందేమో. దాన్ని దూరంగా జరిపాను.

మూడోది: బ్లేడుకి కోడిగుడ్డు ఆకారంలో కన్నం. కన్నంలో బొటనవేలు పెట్టి తోస్తే చాలు, గోరూ వద్దు, పన్నూ వద్దు. లోపలినుంచి సన్నటి రేకు ఒకటి జరిగి బ్లేడు వెనక అడ్డం నిలబడుతుంది. మూయాలంటే ఆ రేకుని పక్కకి నొక్కాలి. కట్టు విప్పి కుడిచేత్తో చూశాను. బొటనవేలు దానంతటదే రేకు మీదికి పోయింది. ఎడమచేత్తో అలా కాదు. చూపుడువేలి కొసతో లాగాలి, ఆ వేలు బ్లేడు పడే సందులోనే ఉండిపోతుంది. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ చివరి క్షణంలో వేలు లాక్కున్నాను.

ఏప్రిల్ 13

అన్నయ్య చూసిన వెంటనే అన్నాడు, ఇది కుడిచేతి కత్తే, ఎడమచేతి వాళ్ళకి చేయరా, మేం మనుషులం కామా అని. హెడిగరమ్మకి ఫోన్ చేయించాడు. చేస్తారట. రేకూ కన్నమూ అన్నీ తిరగేసి. తెప్పించడానికి నాలుగైదు వారాలట. ఈలోపు కన్నం కత్తి ఉంచుకోండి, తెరవడం సాధన చేయండి, మూయడం మాత్రం వద్దు అందట.

అన్నయ్య ఈల వేశాడు. ఐదు నెలల్లో మొదటిసారి.

ఏప్రిల్ 20

పార్సెల్ రాకూడదని చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను. పాపమనిపించి అన్నయ్య ఆరోగ్యానికి ఇంకోటి వెలిగించాను.

మే 13, పొద్దున 10

వచ్చింది. అన్నయ్య డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పోస్టమ్మాయి నా చేతికే ఇచ్చింది.

మే 13, పొద్దున 11

విప్పాను. విప్పకుండా ఉండాల్సింది. మళ్ళీ ఏప్రన్ తాడు కట్టుకున్నాను. ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు నేరుగా కన్నంలోకి పోయింది. క్లిక్. రేకు కూడా బొటనవేలి వైపే ఉంది. నొక్కి, బ్లేడు వెన్ను తొడకి ఆనించి తోశాను, వేలు తప్పించుకునేంత టైము కూడా ఉంది. మూసుకుంది. చూడకుండా చేశాను. కళ్ళు మూసుకుని చేశాను. ఆరో క్లాసుతో బడి మానేసిన ముసల్దాన్ని, వేళ్ళు వంకర్లు పోయిన దాన్ని, నేనే చేశానంటే అన్నయ్య ఆవులిస్తూ చేస్తాడు.

చేస్తే జూన్‌లో పైకెక్కుతాడు. ఎక్కితే దిగడు, నాకు తెలుసు. ఎలా తెలుసని అడిగితే చెప్పలేను.

చలికాలం దుప్పట్ల పెట్టెలో అడుగున పెట్టాను.

మే 16

పార్సెల్ వచ్చిందా అని అడిగాడు. లేదన్నాను. ఆ పోస్టమ్మాయి నడుస్తోందా, పాకుతోందా అన్నాడు.

మే 19

మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదన్నాను. రెండోసారి అబద్ధం నోట్లోంచి తేలిగ్గా వచ్చింది, అదే భయంగా ఉంది. హెడిగరమ్మకి ఫోన్ చెయ్యవే అన్నాడు. చేశాను, ఎవరూ తీయలేదు అని చెప్పాను. చేయలేదు.

మే 21

కొత్తది లేకపోతే టెస్ట్‌కి వెళ్ళడనుకున్నాను. నా లెక్కంతా అదే. వెళ్తానంటున్నాడు, కుడిచేతి దానితోనే. పొద్దున్నుంచీ కొట్టంలో పాత తాళ్ళు కోస్తున్నాడు. కోయడం బాగానే కోస్తున్నాడు. మూసేటప్పుడు నాలుక పళ్ళ మధ్య పెట్టుకుంటాడు, చిన్నప్పుడు అక్షరాలు దిద్దేటప్పుడు పెట్టినట్టు. ఎనిమిదిసార్లు మూశాడు, ఏమీ కాలేదు. చూశావుటే పిరికిదానా అన్నాడు.

మే 23, పొద్దున 5

చెప్పేస్తాను. కాఫీ పెట్టి చెప్పేస్తాను. పార్సెల్ నిన్న సాయంత్రమే వచ్చిందని అంటాను, పెద్ద అబద్ధమేం కాదు.

మే 23, పొద్దున 7

చెప్పలేదు. ఎడెల్‌వైస్ పువ్వుల పట్టీ కుట్టిన కోటు వేసుకున్నాడు, బొత్తాలు నేనే పెట్టాను. ఆల్ప్ మీద ఎండకి నల్లబడ్డ మెడ ఈ చలికాలంలో తెల్లబడిపోయింది. ఆ మెడ చూస్తూ అనుకున్నాను, ఎనిమిదిసార్లు మూశాడు కదా, తొమ్మిదోసారీ మూస్తాడు, మూసినా గ్వెర్డర్ ఇంకేదో వంక పెడతాడు, కత్తి పెట్టెలోనే ఉండనీ అని.

మే 24

తెరిచాడు. మెడతాడు ఒక్క లాగుకి కోశాడు. మగాళ్ళు చప్పట్లు కొట్టారు. గ్వెర్డర్ కూడా కొట్టాడు. మూస్తూ మూస్తూ చప్పట్లకి అన్నయ్య తలెత్తి నవ్వాడు, చూపుడువేలు రేకు మీదే ఉంది.

బ్లేడు వేళ్ళ మీద మూసుకుంది. లోపలి నరాలు తెగాయి, చూపుడువేలివీ నడివేలివీ. అరిచింది నేనే. అన్నయ్య చెయ్యి వైపు చూసుకుంటూ నిలబడ్డాడు, ఎవరిదో చెయ్యి అన్నట్టు.

మే 27

ఆస్పత్రి నుంచి తెచ్చాం. మోచేతిదాకా కట్టు, చెక్క. ఆరు వారాలు కదపకూడదట, తర్వాత కూడా పిడికిలి పడుతుందో లేదో చెప్పలేమన్నారు. ఇప్పుడు రెండు చేతులూ లేవు. ఆలుగడ్డలు మెదిపి నోట్లో పెడుతున్నాను. గడ్డం నేనే గీస్తున్నాను. చిన్నప్పుడు నీకు మొక్కజొన్న జావ నేనే పోశానే, ఇప్పుడు పగ తీర్చుకుంటున్నావు అన్నాడు. నవ్వాలని అన్నాడు. చెంచా కింద పడేశాను.

గ్వెర్డర్ ఎండు సాసేజ్ తెచ్చి తలుపు దగ్గరే ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆల్ప్ ఇంకెవరికో ఇచ్చాడట.

అన్నయ్య బతికున్నాడు. కింద ఉన్నాడు. నేను కోరుకున్నది ఇదే కదా. రాసుకుంటే ధైర్యం వస్తుందనుకున్నాను.

జూన్ 6

ఆవులు పైకి వెళ్ళాయి. గంటల మోత వినిపించకుండా కిటికీ మూశాను, చలిగాలి అన్నాను. తెరువు అన్నాడు. చివరి గంట వంతెన దాటేదాకా అలాగే కూచున్నాడు.

జూన్ 9, మధ్యాహ్నం 2

హెడిగరమ్మ ఫోన్ చేసింది. అన్నయ్యతో మాట్లాడాలంది. ఆయన పట్టుకోలేడు కదా, రిసీవర్ నేనే ఆయన చెవికి ఆనించాను. ఆమె గొంతుకి రిసీవర్ చాలదు, నాకూ అంతా వినిపించింది. ఎడమచేతి కత్తి ఎలా ఉంది మైన్‌రాడ్‌గారూ, మే పన్నెండునే పోస్టులో వేశాను, టెస్ట్‌కి పది రోజుల ముందే చేరుంటుంది, నెగ్గారా అని అడిగింది.

నా చేతిలో రిసీవర్ ఆయన చెవి ఎముకకి కొట్టుకుంది.

చాలా బాగుందమ్మా అన్నాడు. మా అగ్తా జాగ్రత్తగా దాచింది అన్నాడు.

ఫోన్ పెట్టాక, తీసుకురా అన్నాడు. తెచ్చాను. తెరువు అన్నాడు. తెరిచాను. మూయి అన్నాడు. మూశాను. ఎడమచేత్తో అన్నాడు. ఎడమచేత్తో తెరిచి మూశాను. మళ్ళీ అన్నాడు. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. నా వేళ్ళ వైపే చూస్తున్నాడు, మొహం వైపు ఒక్కసారీ చూడలేదు. క్షమించమని అడిగాను. ఆ మాటకి కూడా మళ్ళీ అన్నాడు. అందుకని మళ్ళీ అడిగాను. మళ్ళీ తెరవమన్నది కత్తినే అన్నాడు.

జూన్ 10

పొద్దున చెంచా పెదాలకి ఆనించాను. నోరు తెరవలేదు. సాయంత్రం కూడా.