లక్క పొయ్యి గది

జనవరి, గురువారం

తెల్లవారుజామున నాలుగింటికి యాకూబ్ భాయ్ చిన్న కూతురు చనిపోయింది. ఎనిమిది నెలల పిల్ల. న్యుమోనియా అన్నాడు డాక్టరు.

లాడ్ బజార్ వెనక వాళ్లది రెండు గదుల ఇల్లు. ఒక దాంట్లో గాజులకు లక్క కరిగించే బొగ్గుల పొయ్యి రోజంతా మండుతుంది. పిల్లలకు జలుబు రాకుండా ఏం చేయాలో పోయిన నెల మా పేపర్లో రాశాను. అతనికి చదువు రాదని నేనే చదివి వినిపించాను. వెచ్చగా ఉంచాలని అందులో ఉంది. ఆ రోజే అతను ఇద్దరు పిల్లల పడకనూ పొయ్యి గదిలోకి మార్చి, కిటికీకి గోనెపట్టా కొట్టాడు.

పొగ గురించి నేను ఒక్క ముక్క రాయలేదు. తోచలేదు.

సాయంత్రం ఖబరస్తాన్‌లో చిన్నదానికి మట్టి ఇచ్చి వచ్చేసరికి మూడేళ్ల నూరీ అదే గదిలో దగ్గుతోంది. పక్క గదిలో పడుకోబెట్టమన్నాను.

యాకూబ్ తల్లి నన్ను ఎగాదిగా చూసింది. "మొన్న వెచ్చగుంచమంటివి, ఇయ్యాల సలిల పండబెట్టమంటున్నవ్. నీ పేపర్ పొద్దుకొక తీరుగ మాట్లాడుతదా బేటా?"

పొయ్యి పొగే పిల్లలకు చేటు, కొన్నాళ్లు ఆర్పమన్నాను.

"అమ్మా, ఊకో," అన్నాడు యాకూబ్. "అన్నా, పొయ్యి ఆర్పితే మేం తినేదేంది? పిల్లనైతే తీస్కపోత."

నూరీని దుప్పటితో సహా ఎత్తుకుని వెళ్లాడు. దగ్గు గోడ ఇవతలికి వినబడుతూనే ఉంది. వెనకే వెళ్లి చూశాను; ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. చిన్నదానికీ అలాగే పడిందట.

ఎంత చలి ఉన్నా పొగ గదిలో పిల్లలను ఉంచవద్దని సవరణ రాశాను. ఆదివారం అచ్చవుతుంది. డాక్టరు రాత్రిళ్లు చూడడు; నూరీని రేపు పొద్దున ఏడింటికి రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.