చాలు అంటే ఆపేస్తారు

నాచారం, ఆదివారం

నానమ్మా, నేను కులాసా. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

వీడియోలో నా మెడ ఎముకలు చూసి ఏడ్చావట. నాన్న హాస్టల్ మాన్పించి తీసుకొచ్చేస్తానన్నాడట. నాకు జబ్బేమీ లేదు. కాలేజీలో చేరాక నాలుగు కిలోలు తగ్గిన మాట నిజమే, కానీ అది మనింటి అలవాటు చేసిన పని. అక్కడ నేను చాలు అన్నాకే కదా నువ్వు రెండో గరిటె వేసేది! ఇక్కడ చాలు అంటే వడ్డించే దుర్గమ్మక్క గరిటెను వెనకమ్మాయి ప్లేటు వైపు తిప్పేస్తుంది. మళ్ళీ అడగడానికి మొహమాటపడి, ఉప్పల్లో కాలేజీ గేటు దగ్గర టీ బిస్కెట్లతో సరిపెట్టుకున్నాను. మొన్న క్లాసులో కళ్ళు తిరిగాయి. సంగతి చెబితే దుర్గమ్మక్క నవ్వలేదు, కోప్పడింది.

"చాలంటే చాలనే అనుకున్న బిడ్డా! ఆకలైతే ఇంకింత ఎయ్యమని అడగాలె గదా, నాకేం ఎరుక?"

ఇప్పుడు అడిగి వేయించుకుంటున్నాను. పొద్దున టిఫిన్ మానడం లేదు, బిస్కెట్లు మానేశాను. నాన్నకు నువ్వే సర్దిచెప్పు, నీ మాటైతే వింటాడు.

కంటి చుక్కలు వేసుకుంటున్నావా? అమ్మతో నువ్వుల పొడి చేయించి పంపు. నెయ్యి వద్దు, దారిలో కరిగి సంచంతా అవుతుంది. అమ్మానాన్నలకు నమస్కారాలు.

చోటు అయిపోయింది. సెలవులకు వచ్చినప్పుడు నేను చాలు అంటాను. నువ్వు మాత్రం ఆపకు.

నీ మనస్విని