వెనక్కి వచ్చేయ్, మనీషా

తిరువళ్ళూరు,
21 ఆగస్టు 2025.

ప్రియమైన మనీషకు,

యశశ్విని రాస్తున్నాను. ఇక్కడ హాస్టల్లో మేం బాగానే ఉన్నాం. కే.జీ.కండిగైలో నువ్వూ, అమ్మా నాయనా ఎలా ఉన్నారు? నీ ఫోను ఆపేసి ఉంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. తెలుగులో అయితే రూములో ఇంకెవరూ చదవలేరు కూడా.

నువ్వు వెళ్ళిపోయాక నాకు అన్నం సహించలేదు. క్లాసు గ్రూపులో నీ ఫోటో పెట్టి, కరెంటు పోతే మనీష కనబడదని రాసినవాళ్ళు హాయిగా క్యాంటీన్లో నవ్వుకుంటున్నారు. నువ్వేమో మంచం దిగకుండా అయిపోయావు. ఇది నాకు న్యాయంగా అనిపించలేదు.

ఒకరోజు మన క్లాసు నివేద నా పక్కన కూర్చుని, తనను స్కూల్లో బొగ్గుమూట అనేవాళ్ళని చెప్పింది. అప్పట్నించీ మొహానికి క్రీము పూయకుండా గది దాటలేదట. అలా అడుగుతూ పోతే ఇలాంటి మాటలు పడ్డవాళ్ళు చాలామంది తేలారు. అందరం కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాం. మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక కౌన్సిలర్ కావాలన్నాం, ఆ ఫోటో మీద విచారణ జరపాలన్నాం. ఈ వయసులో ఇవన్నీ మామూలే, చదువు చూసుకోండి అన్నాడాయన. మేం కదల్లేదు. భోజనాల గంట కొట్టినా ఎండ పడే వరండాలోనే కూర్చున్నాం. సెల్వం సార్ వచ్చి, "ఎండలో యాల కూసున్నారు, లేచి పాండమ్మా" అని బతిమాలినా లేవలేదు. సాయంత్రానికి ప్రిన్సిపాల్ రెండూ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మంగళవారాల్లో కౌన్సిలర్ వనజాక్షి మేడం వస్తున్నారు. వాళ్ళది పళ్ళిపట్టు పక్కనే, తెలుగు వచ్చు. నేను లోపలికి వెళ్ళి, తెలుగులో ఏడవచ్చా మేడం అని అడిగాను. "ఏ బాసలో వస్తే ఆ బాసలో ఏడువు తల్లీ, నాకు టయముంది" అన్నారు. ఆవిడ ఎవరి సంగతీ ఎవరికీ చెప్పరు. ఫోటో పెట్టినవాళ్ళను పరీక్షల దాకా క్లాసుకు రానివ్వడం లేదు. అయినా పని అయిపోలేదు. కొందరింకా నవ్వుతూనే ఉన్నారు. మేమూ ఊరుకోవడం లేదు.

సోమవారం పొద్దున తిరుత్తణి బస్టాండులో ఉంటాను. నువ్వు రాకపోతే బస్సెక్కి మీ ఇంటికే వస్తాను. తలుపు తీయకపోతే గడపలో కూర్చుంటాను. కూర్చోవడం ఇప్పుడు నాకు బాగా అలవాటైంది.

నీ పక్క సీటు ఎవరికీ ఇవ్వని,
యశశ్విని

తా.క. మీ నాయన చెప్పొద్దన్నాడు గానీ చెబుతున్నాను. మొన్న మంగళవారం పూలు మార్కెట్టుకు తీసుకుపోతున్నానని ఇంట్లో చెప్పింది అబద్ధం. ఆయన వచ్చింది ఇక్కడికి, నేనే లోపలికి తీసుకెళ్ళాను. వనజాక్షి మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నా బిడ్డతో ఏం మాట్లాడల్లో నాకు తెలీలేదమ్మా. ఏమన్నా అంటే ఇంకా ముడుచుకుపోతాదని నోరే తెరవలా. ఎట్ల మాట్లాడల్లో నేర్పించు" అన్నాడు. ఆయన నీతో మాట్లాడనిది కోపంతో కాదు, మనీషా. నువ్వే ముందు పిలువు.