నిద్రగన్నేరు చల్లదనం

పట్టణ చెట్ల నీడ సర్వే అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అంబాజీపేట రోడ్డు పక్కనున్న నిద్రగన్నేరును “చల్లదనం లేని చెట్టు” అని రాసినందుకు అభ్యంతరం.

సదరు చెట్టు కింద టిఫిన్ బండి నడుపుకొను కాంతమ్మ విన్నవించుకొనునది.

1. పట్టణంలో చెట్ల నీడ ఎంత మేర పరుచుకుంది, దానివల్ల గాలికి, జనానికి, వ్యాపారానికి కలుగు లాభమెంత అని లెక్క తీయుటకు తమ సర్వేయరు క్రాంతికుమార్ గారు పోయిన మంగళవారం వచ్చియున్నారు. కొమ్మల వెడల్పు టేపుతో కొలిచారు. వేడి చూసే మిషను ఒక కొమ్మకు వేలాడదీశారు. ఆ కొమ్మ సరిగ్గా నా పెనం మీద ఉన్నది.

2. “బాబూ, మిషను అటు జరపండి, లేదంటే పొయ్యి ఆపేస్తానండి” అన్నాను. “ఆపకండి కాంతమ్మగారూ, నాకింకో పెసరట్టు రావాలి కదండీ” అన్నారు. “ఆయ్, అలాగేనండి” అని వేశాను. ఉప్మా కూడా పెట్టాను.

3. తత్ఫలితముగా చెట్టు కింద వేడి నడిరోడ్డు ఎండ కన్నా ఎక్కువని నమోదైనది. రోడ్డు వెడల్పు చేసేవారు నిన్న వచ్చి కొట్టేయడానికని మానుకు ఎర్రరంగు గుర్తు వేశారు. కొబ్బరికాయల లారీ తోలే బంగారరాజు గారు ఇడ్లీ తింటూ లేచి, “లాభం లేని చెట్టంటారేంటండీ? ఎండన పడొచ్చి ఇక్కడ కూర్చుంటేనే నేను మనిషినవుతానండి” అని నిలదీశారు. రంగు వేసినవారు తమ సర్వే రిపోర్టు చూపించి వెళ్ళిపోయారు.

4. అయ్యా, నా భర్త చనిపోయిన ఏడాదే ఇక్కడ బండి పెట్టాను. మొదట్లో బేరాలు లేనినాడు ఆ మానుకే వీపు ఆనించి ఏడ్చాను. ఇది సర్వేలో ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు. ఆ ఎర్ర గుర్తు చూసినప్పటినుంచి పిండి కలుపుటకు చేతులాడుట లేదు.

కావున పొయ్యి వెలిగించని పూట మరల కొలిపించవలెనని ప్రార్థన. ఆ పూట నష్టం నేనే భరించెదను. ఈ నా మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కాంతమ్మ

తా.క.: ఈ అర్జీ పట్టుకుని బయల్దేరుతుంటే క్రాంతికుమార్ గారే వచ్చేరండి. “పొరపాటు నాదేనండీ, మళ్ళీ కొలుస్తాను” అన్నారు. పొయ్యి ఆర్పేసి, బండి పక్కకి తోసేసి, వచ్చిన జనాన్ని కూడా పంపేశాను. మిషను చూసి “భలే చల్లగా ఉందండీ!” అని రాసుకున్నారు. చెట్టు కొట్టరట. సంతోషంతో దణ్ణం పెట్టాను. అంతలో కింది గడిలో “ఈ నీడన వ్యాపారం: ఏమీ లేదు” అని రాశారు. అదేంటి బాబూ అంటే, “కంటికి కనబడిందే రాయాలండీ” అన్నారు. చెట్టు బతికింది, నా బండే లెక్కలోంచి పోయింది. రేపు పొద్దున్న మీరే స్వయంగా రండయ్యా. ఖాళీ కడుపుతో రండి.